ఒక్క చెడ్డరోజు చాలునా?
బొమ్మల కథల్లో పిచ్చివాడు – మన ఇళ్ళల్లో మనిషి

(పెదపారుపూడిలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, కరువు భత్యం బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడతానని అనుకుని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు ఈ సభలో పదిమంది ఉన్నారు. నేను ఎంచుకున్న విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. ఒక బొమ్మల పుస్తకం గురించి, అంటే పిల్లలు కామిక్ అంటారే, దాని గురించి మాట్లాడబోతున్నాను. డెబ్బై దాటిన గుమాస్తాకి కామిక్కులతో పనేమిటని అడగవచ్చు. పని ఉంది. చివరికి ఈ విషయం మన పెన్షన్ కాగితాల దగ్గరికే వస్తుంది. అంతవరకు ఓపిక పట్టమని మనవి.

మనలో చాలామంది చందమామ చదివి పెరిగినవాళ్ళమే. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో భేతాళుడు చెట్టుమీద వేలాడినా, రాక్షసుడు గుహలోంచి బయటికొచ్చినా మనకు నిద్ర చెడలేదు. చివరికి ధర్మమే గెలుస్తుందని ముందే తెలుసు గనుక. ఇప్పటి పిల్లలు చదివే బొమ్మల పుస్తకాలు వేరు. వాటిలో రాక్షసుడు గుహలో ఉండడు, మనిషి బుర్రలో ఉంటాడు. వాటిని సైకలాజికల్ థ్రిల్లర్లు అంటున్నారు. హైదరాబాదులో చదువుకుంటున్న మా మనవడు సెలవులకు వచ్చినప్పుడు అటువంటిది ఒకటి తెచ్చాడు. "తాతయ్యా, ఇది పిల్లల పుస్తకం కాదు, పెద్దవాళ్ళదే" అంటే కూర్చుని చదివాను. నా ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు. అర్థం కానిచోట వాణ్ణే అడిగాను.

ఆ పుస్తకం పేరు 'ది కిల్లింగ్ జోక్'. 1988లో అమెరికాలో డీసీ అనే కంపెనీ వేసింది. కథ రాసినవాడు అలాన్ మూర్, బొమ్మలు వేసినవాడు బ్రయాన్ బోలండ్, ఇద్దరూ ఇంగ్లండువాళ్ళు. బ్యాట్‌మ్యాన్ పేరు మీరు వినే ఉంటారు, గబ్బిలం వేషం వేసుకుని రాత్రిళ్ళు దొంగలను పట్టే వీరుడు. అతని ప్రధాన శత్రువు జోకర్. తెల్లటి ముఖం, ఆకుపచ్చ జుట్టు, చెవులదాకా సాగిన నవ్వు. ఈ జోకర్ 1940 నుంచీ ఆ కథల్లో ఉన్నాడు. పట్టుబడినప్పుడల్లా అతన్ని జైలుకి కాక 'ఆర్ఖమ్' అనే పిచ్చాసుపత్రికి పంపటం ఆనవాయితీ. ఆ ఆసుపత్రిని 1974లో కథలోకి తెచ్చారు. రోగులు అక్కడినుంచి తప్పించుకుంటూనే ఉంటారు, హత్యలు చేస్తూనే ఉంటారు. ఒక్కరికి నయమై ఇంటికి వెళ్ళినట్లు ఆ కథల్లో సాధారణంగా కనబడదు.

కిల్లింగ్ జోక్ కథ ఏమిటంటే, జోకర్‌కి ఒక సిద్ధాంతం ఉంది. బుద్ధిమంతుడికీ పిచ్చివాడికీ మధ్య తేడా ఒక్క చెడ్డరోజు మాత్రమేనని అతని వాదం. అలాంటి రోజు ఒకటి వస్తే ఎంతటివాడైనా తనలాగే అయిపోతాడంటాడు. అది రుజువు చేయటానికి పోలీసు కమిషనరు ఇంటికి పోయి, తలుపు తీసిన ఆయన కూతుర్ని తుపాకితో కాలుస్తాడు. ఆ అమ్మాయి నడుము కింద చచ్చుబడిపోతుంది. కమిషనర్ని ఎత్తుకుపోయి, పాడుబడ్డ ఎగ్జిబిషన్ మైదానంలో పెట్టి, కూతురి బొమ్మలు చూపించి హింసిస్తాడు. పెద్దాయనకు మతి పోవాలని అతని కోరిక. మధ్యమధ్యలో జోకర్ గతం వస్తుంది. ఒకప్పుడు అతను పొట్ట గడవని హాస్యగాడు, గర్భవతి అయిన భార్య చనిపోయిన రోజునే అతని బతుకు తలకిందులైంది. కాని ఆ గతం కూడా నిజమో కాదో అతనికే ఖాయంగా తెలియదు.

బొమ్మలు గొప్పగా వేశారు, కాదనను. వాన నీటిలో చినుకులు పడే బొమ్మతో మొదలై, అదే బొమ్మతో ముగుస్తుంది. సినిమాలో భయపెట్టటానికి సంగీతం కావాలి. పుస్తకంలో అది లేదు, గీతే ఆ పని చేస్తుంది. ముఖం సగం నీడలో ఉంచుతారు, కళ్ళు గుంటల్లా గీస్తారు, ఆ నవ్వు ఒక్కటీ పేజీ నిండా పరుస్తారు. పేజీ తిప్పేది మన చెయ్యే కాబట్టి, భయపడటానికి మనమే సాయం చేస్తున్నట్లుంటుంది. మనవడు వాటిని చూపిస్తుంటే నేనూ ఒకటి రెండుసార్లు ఉలిక్కిపడ్డాను.

అయితే నా అభ్యంతరం భయం మీద కాదు. ఆ పుస్తకంలో రెండు మాటలు కలిసిపోయాయి. పిచ్చి అనే మాటా, హత్య అనే మాటా. ఒకటి అంటే రెండోది వెంటనే తోచేటట్లు ఎనభై ఏళ్ళుగా గీస్తూ వచ్చారు. జోకర్ చేసే పని చూడండి. వాహనం సిద్ధం చేసుకుంటాడు, మనుషుల్ని కూలికి పెట్టుకుంటాడు, వేళ చూసుకుని తలుపు కొడతాడు. ఇంత పకడ్బందీగా పథకం వేసినవాణ్ణి ఏ కోర్టూ మతిలేనివాడని వదలదు. మన చట్టంలో మునుపటి శిక్షాస్మృతి 84వ సెక్షను, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను చెప్పేది ఒకటే. తాను చేసే పని ఏమిటో, అది తప్పో ఒప్పో తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడికే మినహాయింపు. జోకర్‌కి అన్నీ తెలుసు. అతను దుర్మార్గుడు. దుర్మార్గాన్ని జబ్బు ఖాతాలో రాయటం తప్పుడు పద్దు. మనం గుమాస్తాలం, ఒక పద్దులో ఖర్చు ఇంకో పద్దులో రాస్తే ఆడిటువాళ్ళు ఒప్పుకోరని మనకు తెలుసు.

ఇది వాళ్ళ దేశపు సంగతి, మనకెందుకు అనుకోవద్దు. మన దగ్గరా ఉంది. 1980ల ఆరంభంలో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు, తర్వాతి సంచిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. పసిపిల్లకు చేతబడి, అదీ ఇతివృత్తం. మూఢనమ్మకాలు పెంచుతున్నారని ఆ రోజుల్లోనే పెద్ద చర్చ జరిగింది. 2005లో తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన 'చంద్రముఖి', 'అపరిచితుడు' రెండూ ఒకే మనిషిలో ఇద్దరు ముగ్గురు ఉండే కథలు. మన పల్లెల్లో కూడా స్కిజోఫ్రెనియా అంటే ఇద్దరు మనుషులుగా మారటం అనుకునేవాళ్ళు ఉన్నారు. అది తప్పు. ఆ మాట 1908లో బ్లాయిలర్ అనే స్విట్జర్లండు వైద్యుడు పెట్టాడు. ఆలోచన, భావన, ప్రవర్తన ఒకదానికొకటి పొంతన లేకుండా పోవటం అని ఆయన ఉద్దేశం. లేని మాటలు వినబడటం, ఎవరో తనకు హాని చేస్తున్నారని గట్టిగా నమ్మటం దాని లక్షణాలు. ఒకడు ఇద్దరవటం కాదు.

మన సినిమా అందరినీ హంతకుల్ని చేయలేదు, నిజమే. మన గుడివాడ పక్క రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారు 1963లో 'పునర్జన్మ'లో మతి చెడ్డవాడి పాత్ర వేసి జనం చేత కంటతడి పెట్టించారు. అదే కథను తర్వాత 1970లో ఎల్.వి.ప్రసాద్ గారు హిందీలో 'ఖిలౌనా'గా తీశారు. జాలి ఉన్న సినిమాలు అవి. కాని జాలి సినిమాల్లో ఇంకో చిక్కు. తలకి దెబ్బ తగిలితేనో, పాత పాట వినబడితేనో, ఒకరి ప్రేమ దొరికితేనో జబ్బు క్షణంలో పోతుంది. మందు మింగి, నెలనెలా డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఏడాదికి నిలదొక్కుకున్న మనిషిని తెరమీద చూసినట్లు నాకు గుర్తు లేదు. అది కథకు పనికిరాదేమో. బతుక్కి మాత్రం అదే పనికొస్తుంది.

బొమ్మల కథల మీద భయం కూడా కొత్తది కాదు. 1954లో అమెరికాలో ఫ్రెడ్రిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు కామిక్కులు పిల్లల్ని నేరస్థుల్ని చేస్తున్నాయని పెద్ద పుస్తకం రాశాడు. సెనేటు కమిటీ విచారణ జరిగింది. ఆ ఏడే ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. ఆ గాలి మన దేశానికీ వచ్చింది. 1956లో మన పార్లమెంటు హానికరమైన ప్రచురణల నుంచి యువజనులను కాపాడే చట్టం ఒకటి చేసింది. హింస, క్రూరత్వం, జుగుప్స నిండిన బొమ్మల కథలు ఇరవై ఏళ్ళలోపు వారిని చెడగొట్టేటట్లుంటే, వాటిని అమ్మినవాడికి ఆరు నెలల దాకా జైలు వేయవచ్చు. మనలో ఎంతమందికి ఆ చట్టం సంగతి తెలుసు? కాగితం మీద ఉంది, అంతే. ఇక ఆ వెర్థామ్ గారి కాగితాలను 2012లో ఒక పరిశోధకురాలు పరిశీలించి, ఆయన తన వాదానికి అనుకూలంగా రోగుల మాటలను మార్చి రాశాడని తేల్చింది. కాబట్టి నిషేధించాలని నేను అనను. చదవటం ఆపితే తెలివి పెరగదు. చదివి, ఇందులో ఏది నిజం అని అడిగితే పెరుగుతుంది.

ఇక ఆ జోకర్ సిద్ధాంతానికి వస్తాను. ఒక్క చెడ్డరోజు వస్తే ఎవడైనా తనలాంటివాడే అవుతాడన్నాడు కదా. ఆ పరీక్ష అమెరికాలో బొమ్మల పుస్తకంలో జరిగింది. మన కృష్ణాజిల్లాలో నిజంగా జరిగింది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ, బందరు ప్రాంతాల మీద సముద్రం మైళ్ళకొద్దీ లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి కొద్ది ఏళ్ళు. నన్ను కూడా సహాయక చర్యల డ్యూటీకి వేశారు. నాకిచ్చిన పని జాబితాలు రాయటం. పేరు, తండ్రి పేరు, వయసు, పోయినవారి సంఖ్య, మిగిలినవారి సంఖ్య. పోయినవారి గడిలో ఐదు, ఆరు, ఎనిమిది. మిగిలినవారి గడిలో ఒకటి. ఇంటిపేరు కింద ఒకే ఒక్క మనిషి. జోకర్ చెప్పిన చెడ్డరోజు ఇంతకన్నా చెడ్డది ఉంటుందా?

ఆ మనుషులు హంతకులయ్యారా? నా కళ్ళతో చూసింది చెబుతాను. భార్యా, ముగ్గురు బిడ్డలూ పోయిన ఒక రైతు మూడోనాటి నుంచీ ఎవరివో తెలియని శవాలను మోసి పూడ్చటంలో మాకు సాయం చేశాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. ఇంకో ఊళ్ళో ఒక తల్లి. సహాయం కింద ఇచ్చిన బియ్యంతో రోజూ సాయంత్రం ఆరుగురికి సరిపడా వండేది. ఆమె ఇంట్లో మిగిలింది ఆమె ఒక్కతే. ఆరు కంచాలు పెట్టి గుమ్మంలో కూర్చునేది. ఆ వాడలో మిగిలినవాళ్ళు ఆమెను పిచ్చిదని తరమలేదు, గేలి చేయలేదు. పొద్దుగూకేసరికి తమ పిల్లల్ని ఆమె గుడిసెకు పంపేవారు. "పెద్దమ్మా, అన్నం" అని పిల్లలు కూర్చునేవారు. ఆమె వడ్డించేది. నేను అక్కడున్నన్నాళ్ళూ అలాగే జరిగింది. నెలల తర్వాత మళ్ళీ అటు వెళ్ళినప్పుడు వాకబు చేశాను. ఆమె ఒక్కదానికే వండుకుంటోందని, కూలికి వస్తోందని చెప్పారు. పిల్లలు మాత్రం ఇంకా వెళుతున్నారట, అలవాటై.

మనసు దెబ్బ తిననివాళ్ళు అక్కడ లేరు. గాలి కాస్త గట్టిగా వీస్తే పరుగెత్తి గట్టెక్కేవాళ్ళున్నారు. నెలల తరబడి నోరు విప్పనివాళ్ళున్నారు. రాత్రిళ్ళు కేకలు పెట్టి లేచేవాళ్ళున్నారు. అప్పుడు మనం గాలి సోకింది, జడుసుకున్నాడు అన్నాం. దానికి వైద్యశాస్త్రంలో ఒక పేరు, ఒక నిర్వచనం ఏర్పడింది 1980లో, అమెరికా మానసిక వైద్యుల గ్రంథం మూడవ కూర్పులో. అంటే ఉప్పెన వచ్చిన మూడేళ్ళకు. ఘోరం చూసినవాడి మనసు ఆ ఘోరాన్నే తిరిగి తిరిగి చూడటం ఆ జబ్బు లక్షణం. జాబితాలో మేము ఇళ్ళు రాశాం, పశువులు రాశాం, పడవలు, వలలు రాశాం. మనసు దెబ్బకు మాకిచ్చిన ఫారంలో గడి లేదు. ఆ గడిని వాడలోని ఆడవాళ్ళు తమ పిల్లలతో పూరించారు.

ఒక విషయం న్యాయంగా చెప్పాలి. కిల్లింగ్ జోక్ రాసినవాడు కూడా జోకర్ పక్షం వహించలేదు. అన్ని హింసలూ పడి బయటికి వచ్చిన ఆ కమిషనరు మతి పోగొట్టుకోడు. జోకర్ని చట్టప్రకారమే పట్టుకోవాలి, మన పద్ధతి పనిచేస్తుందని వాడికి చూపించాలి అంటాడు. చివరికి బ్యాట్‌మ్యాన్ కూడా జోకర్ని కొట్టటం ఆపి, నీకు సాయం చేస్తాను, బాగుపడదువుగాని అంటాడు. జోకర్ ఇక ఆలస్యమైపోయిందంటాడు. అంటే పుస్తకం లోపల జోకర్ సిద్ధాంతం ఓడిపోయింది. కాని చదివినవాడికి గుర్తుండేది ఓడిన సిద్ధాంతమే, అట్టమీదున్న ఆ నవ్వే. బొమ్మకి ఉన్న బలం అది, దానితో వచ్చే చిక్కూ అదే. ఇదే జోకర్ మీద 2019లో వచ్చిన సినిమా చూపించి న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక పరిశీలన చేశారు, 2020లో ప్రచురించారు. జోకర్ సినిమా చూసినవారిలో మానసిక రోగుల మీద దురభిప్రాయం పెరిగింది. వేరే సినిమా చూసినవారిలో అలా పెరగలేదు.

మనసు చెడటం ఎలా ఉంటుందో చదవాలంటే మనకు అమెరికా దాకా పోనక్కర్లేదు. ఇక్కడికి దగ్గరలోని అంగలూరులో 1910లో పుట్టిన త్రిపురనేని గోపీచంద్ గారు 1940లలోనే 'అసమర్థుని జీవయాత్ర' రాశారు. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా దాన్ని విమర్శకులు చెబుతారు. అందులో సీతారామారావుకి ఒక్క చెడ్డరోజు రాలేదు. వంశప్రతిష్ఠ అనే బరువు నెత్తిన పెట్టుకుని, ఆస్తి కరగబెట్టుకుంటూ, నలుగురికీ దూరమవుతూ, ఇల్లాలినీ బిడ్డనూ బాధపెడుతూ, తనలో తాను వాదించుకుంటూ మెల్లమెల్లగా కుంగిపోతాడు. చివరకు శ్మశానంలో తన ప్రాణం తానే తీసుకుంటాడు. చదువుతుంటే మనకు తెలిసిన ఎవరో ఒకరు గుర్తుకొస్తారు. జోకర్ని చదివితే ఎవరూ గుర్తుకురారు. తేడా అక్కడుంది. గోపీచంద్ గారి మనిషి మన వీధిలో ఉన్నాడు, పలకరిస్తే ఆగిపోయేవాడేమో అనిపిస్తుంది.

ఇప్పుడు కొన్ని నిజాలు. మానసిక జబ్బు ఉన్నవారిలో అత్యధికులు ఎవరిమీదా చెయ్యెత్తరు. ఇతరుల చేతిలో దెబ్బలు తినే ప్రమాదమే వారికి ఎక్కువ. తాగుడు, మత్తుమందు తోడైనప్పుడు, వైద్యం లేనప్పుడు కొందరి విషయంలో ప్రమాదం పెరుగుతుంది. దాన్ని దాచకూడదు, పెంచి చెప్పకూడదు. 2015–16లో బెంగుళూరు నిమ్హాన్స్ వారు జరిపిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. వందకు పదిమంది పైచిలుకు. వారిలో వైద్యం అందనివారు, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఈ హాల్లో వందమంది ఉన్నామనుకుంటే లెక్క మీరే వేసుకోండి. మన వయసులో వచ్చే దిగులు, నిద్రలేమి, మతిమరుపు కూడా ఈ పద్దులోవే. వాటికి కత్తీ ఉండదు, వికటమైన నవ్వూ ఉండదు. అందుకే బొమ్మల కథల్లో చోటు దొరకదు, ఇంట్లోనూ ఎవరూ గుర్తుపట్టరు. "పెద్దతనం, చాదస్తం" అని వదిలేస్తారు.

వైద్యం లేదా అంటే ఉంది. 1952లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రొమజిన్ అనే మందు వాడకంలోకి వచ్చాక గొలుసులతో కట్టిపడేసే అవసరం తగ్గింది. అయినా మనవాళ్ళు గొలుసులు వదల్లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర నడిపే ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టి ఉన్న రోగులు కదలలేక 28 మంది కాలిపోయారు. చంపినవాడు జోకర్ కాదు. పిచ్చివాడంటే కట్టేయవలసినవాడు అన్న మన అందరి నమ్మకమే వాళ్ళను చంపింది. 1912 నాటి లూనసీ చట్టం పోయి 1987 చట్టం వచ్చింది, అదీ పోయి 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం రోగిని గొలుసులతో బంధించకూడదు. సినిమాల్లో చూపించినట్లు మత్తు ఇవ్వకుండా కరెంటు వైద్యం చేయకూడదు. ఆత్మహత్యాయత్నం చేసినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించి సంరక్షణ ఇవ్వాలి. బీమా కంపెనీలు శరీరపు జబ్బులతో సమానంగానే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలి.

ఇక నేను మొదట మాటిచ్చిన పెన్షన్ కాగితాల సంగతి. ఇందుకోసమే ఇంత దూరం నడిపించాను.

మన రివైజ్డ్ పెన్షన్ రూల్స్, 1980లో ఫ్యామిలీ పెన్షన్‌కి సంబంధించినది 50వ రూలు. మనసుకు సంబంధించిన రుగ్మత వల్లగాని, అంగవైకల్యం వల్లగాని సొంతంగా సంపాదించుకోలేని కొడుకు లేదా కూతురు ఉంటే, తల్లిదండ్రుల తదనంతరం, మామూలు వయోపరిమితి దాటిన తర్వాత కూడా, నిబంధనలకు లోబడి వారికి ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలు అందులో ఉంది. సంరక్షకుని ద్వారా చెల్లిస్తారు. ఇది దయ కాదు, హక్కు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో పెన్షన్ భిక్ష కాదని సుప్రీంకోర్టు చెప్పింది, ఏటా ఆ రోజే మనం పెన్షనర్ల దినం చేసుకుంటున్నాం. ఆ తీర్పు ఫలం మన తర్వాత ఆ బిడ్డలకూ చేరాలి.

చేరకుండా అడ్డుపడేది ఏమిటి? నా సర్వీసులో చూసిన ఒక సంగతి చెబుతాను. ఊరూ పేరూ చెప్పను. ఒక ఉద్యోగికి ఇద్దరు కూతుళ్ళు, ఒక కొడుకు. కొడుక్కి ఇరవై ఏళ్ళప్పుడు జబ్బు చేసింది. ఎవరో పిలుస్తున్నారని అర్ధరాత్రి లేచిపోయేవాడు. ఎవర్నీ ఒక్కమాట అని ఎరుగడు. "ఇంట్లో పిచ్చివాడున్నాడంటే ఆడపిల్లల సంబంధాలు తప్పిపోతాయి" అని తండ్రి భయం. అందుకని రిటైరయ్యేటప్పుడు ఇచ్చిన కుటుంబ సభ్యుల పట్టికలో కొడుకు జబ్బు మాట రాయలేదు. పెద్దాసుపత్రికి తీసుకుపోలేదు, సర్టిఫికెట్టు తేలేదు. తాయెత్తులు కట్టించాడు. కూతుళ్ళ పెళ్ళిళ్ళయ్యాయి. కొన్నేళ్ళకు ఆయన పోయాడు, తర్వాత ఆవిడా పోయింది. అప్పుడు చిన్న కూతురు, అన్న చెయ్యి పట్టుకుని ఆఫీసులు తిరిగింది. జబ్బు తల్లిదండ్రులు బతికుండగానే ఉందని ఇప్పుడు రుజువు చేయాలి. రికార్డు ఏదీ? లేదు. ఆ అమ్మాయి ఏళ్ళ తరబడి తిరిగింది. ఆ అన్న ఆఫీసు వరండాలో గోడకానుకుని కూర్చుని, వచ్చినవారందరికీ నమస్కారం పెట్టేవాడు. అతన్ని చూసి పక్కకు తప్పుకుని పోయినవాళ్ళను నేనెరుగుదును. ఏమని భయపడ్డారు? సినిమాలో చూసినవాడని భయపడ్డారు.

ఆ తండ్రి చెడ్డవాడు కాదు. ఊరు ఏమంటుందో అతనికి తెలుసు. అలా అనటం ఊరికి నేర్పినవాటిలో మన కథలూ, మన బొమ్మలూ, మన వేళాకోళాలూ ఉన్నాయి. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలిరా", "విశాఖపట్నం బండెక్కించాలి" అని మనం నవ్వుకుంటూ అనే మాట ఆ ఇంట్లోకి వెళ్ళేసరికి నవ్వు కాదు, తలుపు గడియ.

కనుక నా మనవి ఇది. ఎవరింట్లోనైనా అటువంటి బిడ్డ ఉంటే, రేపు సోమవారమే పని మొదలుపెట్టండి. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించి వైద్యం మొదలుపెట్టించండి. చీటీలన్నీ ఒక కవరులో దాచండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక రుగ్మత కూడా గుర్తించిన వైకల్యాల్లో ఒకటి, కాబట్టి సదరం ధ్రువపత్రం తీసుకోండి. మీరూ, మీ జీవిత భాగస్వామీ ఉండగానే కుటుంబ వివరాల్లో బిడ్డ పేరు, పరిస్థితి రాయించి, అందిన రసీదు పుచ్చుకోండి. మీ తర్వాత సంరక్షకులెవరో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. కాగితం రాయటానికి చెయ్యి వణికితే నా దగ్గరికి రండి, నేను రాసిపెడతాను. ఎవరికీ చెప్పను.

ఎవరికైనా దిగులు ఎక్కువైతే, బతకాలని లేదనిపిస్తే, టెలి మానస్ అని ప్రభుత్వపు ఫోను ఉంది, నెంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఈ నెంబరు పెన్షన్ పాసుపుస్తకం అట్టమీద రాసుకోండి.

ఇక మనవలు ఇటువంటి పుస్తకాలు తెస్తే లాక్కోవద్దు. పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. ఇతను చేసింది జబ్బు వల్లనా, దుర్మార్గం వల్లనా? ఇతనికి మందు, డాక్టరు, తోడు ఎవరైనా దొరికారా? ఈ కథలో జబ్బు నయమైన మనిషి ఒక్కడైనా ఉన్నాడా? మా మనవణ్ణి అడిగితే వాడు కాసేపు ఆలోచించి, మంచి పుస్తకాలు కూడా ఉన్నాయి తాతయ్యా అని ఇంకొకటి చెప్పాడు. ఎలెన్ ఫోర్నీ అనే అమెరికా చిత్రకారిణి తన సొంత జబ్బు గురించి, మందులు సరిపడేదాకా పడిన పాట్ల గురించి 2012లో 'మార్బుల్స్' అని బొమ్మల పుస్తకం వేసిందట. వచ్చే సెలవులకు తెస్తానన్నాడు. చదివి, బాగుంటే మన సంఘం గ్రంథాలయానికి ఒక ప్రతి ఇప్పిస్తాను.

కార్యదర్శి గారు గంట చూపిస్తున్నారు. బయట టీ సిద్ధంగా ఉందట. కాగితాలు తెచ్చుకున్నవారు టీ తాగుతూ నా దగ్గరికి రావచ్చు.